బొంబాయి కోటగోడ కూలాక



మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇప్పటిదాకా గుళ్ళ గురించి, కోటల గురించి, మెట్లబావుల గురించి విన్నాం. ఈసారి మిమ్మల్ని బజారుకి, బ్యాంకుకి, కోర్టుకి, రైలు స్టేషనుకి తీసుకెళ్తాను. ఇందుకు కారణం కూడా మాస్టారే. పాలిటెక్నిక్‌లో మాకు బిల్డింగ్ డ్రాయింగ్ చెప్పిన రోజుల్లో ఏ కట్టడం బొమ్మ ముందు పెట్టినా ఆయన రెండు సంగతులు కనుక్కోమనేవారు. వాన నీళ్ళు ఎటు పోతున్నాయి? డబ్బు ఎటునుంచి వచ్చింది? ఈ రెండూ తేలాకే శైలి సంగతి. పశ్చిమ తీరంలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు పుష్కలంగా దొరికే ఊరు బొంబాయి. ఇప్పుడు ముంబయి అంటున్నాం, సరే. నేను చెప్పేది చాలావరకు పాతకాలపు సంగతి కనుక ఆ కాలపు పేరే వాడుకుంటాను.

అక్కడ ఫోర్ట్ అనే ప్రాంతం ఉంది. వెళ్ళి చూస్తే కోట కనబడదు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ పాత కోట చుట్టూ ఒకప్పుడు గోడ, కందకం ఉండేవి. లోపలికి మూడు దారులు: అపోలో గేటు, చర్చి గేటు, బజారు గేటు. గోడ బయట మైదానం. ఫిరంగి పేలిస్తే గుండుకి ఏదీ అడ్డురాకూడదని అక్కడ ఇల్లు కట్టనిచ్చేవాళ్ళు కాదు. ఇవాళ ఓవల్ మైదానంలోనూ ఆజాద్ మైదానంలోనూ పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారంటే ఆ ఫిరంగుల పుణ్యమే. 1803లో కోట లోపల పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఇరుకిరుకు ఇళ్ళు కావడంతో చాలా భాగం కాలిపోయింది. ఆ తర్వాత జనాన్ని గోడ అవతలికి, ఉత్తరానికి పంపడం మొదలైంది. 19వ శతాబ్దం సగమయ్యేసరికి గోడ మీదికి వచ్చే శత్రువు లేడు. పొద్దున లోపలికి, సాయంత్రం బయటికి పోయే గుమాస్తాలకు, బళ్ళకు మాత్రం అది అడ్డంకి. 1862లో గవర్నరుగా వచ్చిన సర్ బార్టిల్ ఫ్రియర్ దాన్ని కూలగొట్టించాడు. ఖాళీ అయిన నేలను ప్లాట్లు వేసి అమ్మారు. ఆ రాబడిని ప్రభుత్వ భవనాలకు మళ్ళించారు. వాటి అమరికను, నమూనాలను చూడటానికి జేమ్స్ ట్రబ్‌షా అనే ఆర్కిటెక్టును పెట్టారు.

గోడ పడగొట్టడం దేశంలో ఎన్నో ఊళ్ళు చేశాయి. బొంబాయి అదృష్టం ఏమిటంటే, గోడ కూలిన సమయానికే ఊళ్ళోకి డబ్బు వరదలా వచ్చింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల రేవులు మూతపడ్డాయి, లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. వాళ్ళ చూపు గుజరాత్, బేరార్, ఖాందేశ్ పత్తి మీద పడింది. ఆ పత్తంతా ఓడ ఎక్కేది బొంబాయిలో. ఆ నాలుగేళ్ళలో కొత్త బ్యాంకులు, కొత్త కంపెనీలు పుట్టుకొచ్చాయి. సముద్రాన్ని పూడ్చి నేల తీస్తామన్న బ్యాక్‌బే కంపెనీ వాటా ఒకటి 5,000 రూపాయలైతే బజారులో దాని ధర పది రెట్లు దాటింది. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. ఆ వార్త అందగానే పత్తి ధర పడింది, వాటాలు పడ్డాయి, వాటాల మీద అప్పులిచ్చిన బ్యాంక్ ఆఫ్ బాంబే కూడా కొన్నాళ్ళకు పడిపోయింది.

ఆ జూదానికి రారాజు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. సూరత్ నుంచి వచ్చిన జైన కుటుంబం వాడు. బ్యాంకు డబ్బును అతను తన చిత్తం వచ్చినట్టు ఆడించాడని తర్వాత విచారణలో బయటపడింది. అదే మనిషి 1864లో, ఇంకా చేతినిండా డబ్బున్నప్పుడు, విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి 2 లక్షలు, ఒక గడియారపు స్తంభానికి మరో 2 లక్షలు ఇచ్చాడు. స్తంభానికి తన తల్లి రాజాబాయి పేరు పెట్టమన్నాడు. పత్తి ధర కూలాక దివాలా తీశాడు. ఇచ్చిన డబ్బు విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉంది. 1869లో పని మొదలై 1878లో స్తంభం పూర్తయింది. ఎత్తు 280 అడుగులు. కొన్నేళ్ళపాటు బొంబాయిలో అంతకంటే ఎత్తైనది లేదు. తల్లికి చూపు ఆనదనీ, జైనుల నియమం ప్రకారం పొద్దుగూకకముందే భోజనం చెయ్యాలి కనుక ఆమెకు గంట వినబడాలనే కట్టించాడనీ ఊళ్ళో చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, కథ బాగుంది. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఎన్ని కుటుంబాల సొమ్ము ఆ సట్టాలో కలిసిపోయింది! అందులో రాయిగా మారినంత మేరకే ఊరికి మిగిలింది. దాతృత్వం, దురాశ ఒకే గల్లాపెట్టెలోంచి వచ్చాయి. బొంబాయి భవనాలను కేవలం బ్రిటిష్ పాలకుల డాబుగా చూసేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతున్నారు. విశ్వవిద్యాలయం స్నాతకోత్సవ మందిరానికి డబ్బిచ్చింది కావస్‌జీ జహంగీర్ అనే పారసీ. చేతిలో రొక్కం సిద్ధంగా ఉంటుందని ఆ కుటుంబానికి రెడీమనీ అన్నదే ఇంటిపేరైపోయింది. కళాశాలలు, ఆసుపత్రులు, నీళ్ళ ఫౌంటెన్లు — ఏ ఫలకం తుడిచి చూసినా ఒక పారసీ, ఒక గుజరాతీ, ఒక బాగ్దాదీ యూదు వర్తకుడి పేరు ఉంటుంది. డేవిడ్ ససూన్ లైబ్రరీ చివరి కోవకు చెందినదే.

ఇక ఆ కట్టడాల వరస. దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తూ పోతే పాత సెక్రటేరియట్, స్నాతకోత్సవ మందిరం, గ్రంథాలయం, దాని మీద రాజాబాయి స్తంభం, హైకోర్టు, ప్రజాపనుల శాఖ కార్యాలయం. అన్నీ పడమటి ముఖం. కట్టిన నాటికి ఎదురుగా మైదానం, రైలు పట్టాలు, ఆ వెంటనే సముద్రం. గాలి తిన్నగా లోపలికి రావాలన్నది ఆలోచన. సెక్రటేరియట్ గీసినవాడు హెన్రీ సెంట్ క్లెయిర్ విల్కిన్స్, హైకోర్టు గీసినవాడు జేమ్స్ ఫుల్లర్. ఇద్దరూ సైన్యపు ఇంజనీర్లు. విశ్వవిద్యాలయం గీసిన గిల్బర్ట్ స్కాట్ లండన్‌లో మహా పేరున్నవాడు. ఆయన బొంబాయి గడప తొక్కనే లేదు. బొమ్మలు ఓడలో వచ్చాయి.

అప్పుడు ఇంగ్లండులో నడుస్తున్న మోజు గోథిక్. కోసుగా లేచే కమాను, సన్నటి స్తంభాల గుత్తి, మూలమూలకీ చెక్కుడు. ఇది చలిదేశపు చర్చిల పద్ధతి. మన ఎండకీ బొంబాయి వానకీ ఎలా కుదిరింది? నిజానికి సగమే కుదిరింది. కుదిరిన సగం ఏమిటంటే వరండా. స్కాట్ మందిరం పక్కలనూ సెక్రటేరియట్ అంతస్తులనూ చూడండి. గది చుట్టూ కమానుల వరండా తిరుగుతుంది. మెట్లు కూడా బయటి గాలి తగిలేలా ఉంటాయి. ఎండ గోడను తాకకముందే వరండా దగ్గర ఆగిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు మీటర్లకు పైగా కురిసే ఊరు అది. ఏటవాలుగా కొట్టే జల్లు కూడా అక్కడే ఆగుతుంది. కుదరని సగం చెక్కుడు పని. సముద్రపు ఉప్పుగాలికి మెత్తరాయి పెళ్ళలు ఊడుతుంది. కోణాల మధ్య ఇరుక్కున్న నీళ్ళు గోడలోకి దిగుతాయి. సన్నటి కిరీటాల మీద, సంధుల్లో రావి మొలుస్తుంది. లండన్‌లో బొమ్మ గీసినవాడికి రావిచెట్టు సంగతి ఏం తెలుస్తుంది?

రాయి విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మాస్టారు బతికి ఉంటే ఇక్కడే ఆపి ప్రశ్నలు వేసేవారు. బొంబాయి నేలంతా నల్లరాయి, పాత అగ్నిపర్వతాల లావా. గట్టిది, నీరు పీల్చదు, గోడకి దాన్ని మించింది లేదు. కానీ ఉలికి లొంగదు. అందుకని గోడల పైముఖానికి కుర్లా నుంచి లేత పసుపు ఛాయ రాయి తెచ్చారు. కొన్నిచోట్ల వసయి ఎర్రరాయి కలిపారు. పూలు, తీగలు, ముఖాలు చెక్కాల్సిన చోట కాఠియావాడ్ తీరంలోని పోర్‌బందర్ నుంచి సున్నపురాయి పడవల్లో వచ్చింది. తెల్లగా, మెత్తగా ఉండి చెయ్యి చెప్పినట్టు వింటుంది. కట్టింది సున్నంతో. నేలకి పరిచిన రంగుల పెంకులు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చాయి. అంటే ఒకే గోడలో మూడు నాలుగు రకాల రాళ్ళు. ఒక్కోటి ఒక్కో వేగంతో అరుగుతుంది. ఇవాళ మరమ్మతు చేసేవాళ్ళకు అసలు తలనొప్పి ఇదే. కొందరు సున్నం తీసేసి సిమెంటు పూస్తారు. సిమెంటు గట్టిపడి ఊపిరాడనివ్వదు. లోపలి తడి బయటికి రాలేక రాయినే పొట్టుపొట్టుగా ఊడదీస్తుంది.

ఆ పూలు, ముఖాలు చెక్కిందెవరు? చాలామటుకు జె.జె. ఆర్ట్ స్కూల్ విద్యార్థులు, వాళ్ళతో పనిచేసిన రాతిపనివాళ్ళు. 1865లో లాక్‌వుడ్ కిప్లింగ్ శిల్పం నేర్పడానికి ఆ స్కూలుకి వచ్చాడు. రచయిత రడ్యార్డ్ కిప్లింగ్‌కి తండ్రి. క్రాఫర్డ్ మార్కెట్ ద్వారాల పైన పొలం పనివాళ్ళ బొమ్మలు చెక్కింది ఆయనే. రాజాబాయి స్తంభం మీద పశ్చిమ భారతపు రకరకాల కులాల, వేషాల మనుషుల బొమ్మలున్నాయి. వాటి నమూనాలు తయారుచేసింది ముకుంద్ రామచంద్ర అనే ఇంజనీరు. హైకోర్టులో ఒక కంటికి గంత కట్టుకుని తక్కెడ పట్టుకున్న కోతి ఉంది, వకీలు మెడపట్టీ వేసుకున్న నక్క ఉంది. డబ్బు ఎగవేతకు గురై కోర్టులో ఓడిపోయిన ఒక కాంట్రాక్టరు కసితీరా చెక్కించాడని లాయర్లు నవ్వుతూ చెప్పుకుంటారు. ఆ మాటకి కాగితం చూపించమంటే ఎవరూ చూపించరు. కోతి మాత్రం ఉంది.

ఇక తట్ట మోసిన వాళ్ళు. ఇది మన సొంత కథ. బొంబాయిలో కామాటిపుర అనే పేట ఉందని మీరు వినే ఉంటారు. బహుశా వేరే కారణంగా విని ఉంటారు, ఆ పేరు సినిమాల్లోనూ వార్తల్లోనూ అలాగే వాడారు కనుక. ఆ పేటకు ఆ పేరు తెచ్చింది నిజాం రాజ్యం నుంచి, అంటే ఇవాళ్టి తెలంగాణ ప్రాంతాల నుంచి కూలికి వెళ్ళిన మనవాళ్ళు. కామాటీలు. 18వ శతాబ్దం చివరికే అక్కడ గుడిసెలు వేసుకున్నారు. అంతకుముందు ఆ నేల సముద్రపు పోటు నీళ్ళు ఎక్కే పల్లం. బొంబాయి ద్వీపాల మధ్య గండి పూడ్చి కట్ట వేశాకే అక్కడ మనుషులు ఉండగలిగారు. మట్టి తవ్వడం, రాయి కొట్టడం, సున్నం కలపడం, తట్ట ఎత్తడం వాళ్ళ పని. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి చేశారు. 19వ శతాబ్దపు బొంబాయి కట్టుబడిలో వాళ్ళ చెమట పడని పెద్ద పని ఏదీ ఉండదంటే అతిశయోక్తి కాదు. తర్వాత మిల్లుల్లో మగ్గాల మీదకు పద్మశాలీలు వెళ్ళారు. అది వేరే పెద్ద కథ.

వాళ్ళలో కొందరు కాంట్రాక్టర్లయ్యారు. వ్యంకు బాలాజీ కాలేవార్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఆయన, జయ కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు, నర్సింగరావు సాయబు వడ్నాల. బొంబాయిలోని ఈ తెలుగు పెద్దలు పుణేలో జ్యోతిబా ఫూలే 1873లో పెట్టిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. ఫూలే కూడా కట్టుబడి కాంట్రాక్టులు చేసినవారే. బ్రాహ్మణాధిపత్యం మీద ఆయన చేసిన పోరాటం మన పుస్తకాల్లో ఉంది. దానికి బొంబాయిలో రాళ్ళు కొట్టించిన తెలుగువాళ్ళ సొమ్ము, మనసు తోడయ్యాయన్న సంగతి మాత్రం మనకు తెలియాల్సినంతగా తెలియదు.

ఇప్పుడు నా అసలు మాటకి వస్తాను. బొంబాయి కట్టడాల్లో గొప్పది ఏదని అడిగితే నూటికి తొంభైమంది విక్టోరియా టెర్మినస్ అంటారు. నేను అనను. ఫోర్ట్‌లో షాపుల ముందుగా సాగే కమానుల నడకదారి అంటాను. దానికి ఆర్కిటెక్టు పేరు లేదు, గోపురం లేదు, పోస్టుకార్డు మీద బొమ్మ లేదు.

ఆ నడకదారి మొదలు ఎల్ఫిన్‌స్టన్ సర్కిల్‌లో ఉంది. ఇవాళ దాన్ని హార్నిమన్ సర్కిల్ అంటున్నాం. జాతీయోద్యమాన్ని సమర్థించిన ఆంగ్లేయ సంపాదకుడు బెంజమిన్ హార్నిమన్ పేరు. ముందు అది బాంబే గ్రీన్ అనే బయలు. పత్తి మూటలు అక్కడే ఆరుబయట పడి ఉండేవి. ఎదురుగా టౌన్ హాల్ ఉంది. థామస్ కూపర్ అనే సైన్యపు ఇంజనీరు కట్టిన గ్రీకు స్తంభాల భవనం, 1833లో పూర్తయింది. ఆ మెట్లు ఎక్కితే ఇప్పుడు ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయం. టౌన్ హాల్ ముందర మర్రిచెట్టు కింద కొందరు దలాలులు చేరి వాటాలు కొనేవారు, అమ్మేవారు. 1875లో సంఘంగా ఏర్పడి చివరికి దలాల్ స్ట్రీట్‌లో స్థిరపడిన స్టాక్ ఎక్స్‌చేంజ్ పుట్టుక అదే. మూటలు కొలాబాకి వెళ్ళిపోయాక ఆ బయలు చెత్తదిబ్బగా మారింది. పోలీసు కమిషనర్ చార్లెస్ ఫోర్జెట్ దాన్ని గుండ్రటి తోటగా మార్చి, చుట్టూ వ్యాపార భవనాలు కట్టిద్దామన్నాడు. స్థలం మునిసిపాలిటీ చేతికి తీసుకుని కంపెనీలకు అమ్మింది, లాభం కూడా తీసింది. షరతు ఒకటే. లోపల నీ ఇష్టం. వీధివైపు ముఖం మాత్రం అందరిదీ ఒకలాగే ఉండాలి, కింద కమానుల దారి అందరికీ తెరిచి ఉండాలి.

హార్న్‌బీ రోడ్డులో ఆ షరతు ఇంకా గట్టిపడింది. ఇప్పుడు దాదాభాయి నౌరోజీ రోడ్డు. ఫ్లోరా ఫౌంటెన్ నుంచి విక్టోరియా టెర్మినస్ మీదుగా సాగే వీధి. పాత గోడ పోయిన చోట దాన్ని వెడల్పు చేశారు. 1896లో ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. అక్కడ కట్టే ప్రతి భవనమూ కింది అంతస్తులో, వీధివైపు, నడిచేవాళ్ళకు కప్పున్న దారి వదలాలి. పైన ఏ శైలి అయినా కట్టుకో. అందుకే ఆ వీధిలో తలెత్తి చూస్తే ఒక భవనం గోథిక్, పక్కది గ్రీకు, ఆ పక్కది మొగలాయి ఛాయ. తల దించి నడిస్తే అంతా ఒకే కమానుల వరస. భూమి ధర ఆకాశంలో ఉన్న చోట షాపువాడు తన ముందరి భాగాన్ని ఏ పరిచయమూ లేని బాటసారికి ధారపోశాడు. ఇష్టంగా ఇవ్వలేదు, చట్టం ఇప్పించింది. అయినా అతను నష్టపోలేదు. వానలో జనం ఆ కమానుల కిందే నిలబడతారు. నిలబడ్డవాడి చూపు అద్దాల్లోని సరుకు మీద పడుతుంది. హైదరాబాదులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వేసిన పత్తర్‌గట్టీ బజారులో నడిచినవాళ్ళకి ఈ సుఖం తెలుసు. అక్కడ కమానుల కింద ఎండ తగలదు, ఇక్కడ జల్లు తగలదు.

వ్యాపారానికీ ఊరికీ మధ్య ఒప్పందం ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా రాసి ఉండదు. పైన ఎంతైనా సంపాదించుకో, కింద అందరికీ నీడ ఇవ్వు. నేటి గాజు గోపురాలు కట్టేవాళ్ళను ఈ ఒక్క షరతు ఎందుకు అడగం? అడిగితే ప్రహరీ కట్టి, గేటు పెట్టి, సెక్యూరిటీ మనిషిని నిలబెట్టి, లోపల నాలుగు మొక్కలు పెట్టి పబ్లిక్ ప్లాజా అంటారు.

ఇక మునిసిపాలిటీ గురించి కొంచెం. ఊరి మొదటి మునిసిపల్ కమిషనర్ ఆర్థర్ క్రాఫర్డ్ 1865లో వచ్చాడు. చురుకైనవాడు, చెయ్యి మాత్రం బారు. మురుగు కాలువలు, రోడ్లు, మార్కెట్లు మొదలుపెట్టాడు. విలియం ఎమర్సన్ గీసిన క్రాఫర్డ్ మార్కెట్ 1869లో పూర్తయింది. ఇనుప దూలాలు, ఎత్తైన కప్పు, స్కాట్లాండ్ నుంచి తెచ్చిన చప్టా రాళ్ళు. వేడిగాలి పైకి పోతుంది, కింద పండ్లు చల్లగా ఉంటాయి. బజారు పనికి పుట్టిన కట్టడం అంటే అలా ఉండాలి. కానీ ఖజానా ఖాళీ అయింది. పన్ను కట్టే వర్తకులు 1871లో తిరగబడ్డారు. ఆ గొడవలోంచే 1872 చట్టం వచ్చింది, పన్ను కట్టేవాళ్ళు ఎన్నుకునే సభ్యులతో కార్పొరేషన్ ఏర్పడింది. జాతీయ నాయకుడు ఫిరోజ్‌షా మెహతా ఎదిగిన రంగం అదే. 1888 మునిసిపల్ చట్టం వెనక ఉన్నదీ ఆయనే.

ఆ కొత్త సంస్థకి ఇల్లు కావాలి. 1884లో లార్డ్ రిపన్ పునాదిరాయి వేశాడు. మద్రాసులో సెనేట్ హౌస్ కట్టిన చిషోమ్ మొగలాయి ఛాయలో నమూనా పంపాడు. చివరికి నెగ్గింది ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్. విక్టోరియా టెర్మినస్ అప్పటికే ముగించినవాడు. 1893లో మునిసిపల్ భవనం పూర్తయింది. అంచనా 11,88,082 రూపాయలు. అయిన ఖర్చు 11,19,969 రూపాయలు. అంటే 68,113 రూపాయలు మిగిలింది! ప్రభుత్వ పనిలో అంచనా కంటే తక్కువ ఖర్చైన ముచ్చట ఈ సభలోని కాంట్రాక్టర్లు ఒకసారి మళ్ళీ వినాలి. ఆ పని చేయించిన కాంట్రాక్టరు ఎవరనుకున్నారు? ఇందాక గుర్తుపెట్టుకోమన్న వ్యంకు బాలాజీ కాలేవార్. సైటు మీద నిలబడ్డ ఇంజనీరు సీతారాం ఖండేరావ్ వైద్య. ఆయనే తర్వాత తాజ్ మహల్ హోటల్ నమూనా మొదలుపెట్టినవాడు.

ఇప్పుడు ఆ భవనం ముందరి కూడలిలో నిలబడి చూడండి. ఒక పక్క తెలుగు కాంట్రాక్టరు లేపిన మునిసిపల్ భవనం. కాస్త ఉత్తరానికి నడిస్తే క్రాఫర్డ్ మార్కెట్. దాని నేటి పేరు మహాత్మా జ్యోతిబా ఫూలే మండయి. స్నేహితులిద్దరి గుర్తులూ పది నిమిషాల నడకలో ఉన్నాయి. పేరు పెట్టినవాళ్ళకి ఈ సంగతి తట్టి ఉండదు.

టెర్మినస్ గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది అక్కడ దిగినవాళ్ళే. 1878లో మొదలై పదేళ్ళు పట్టింది. గేటు స్తంభాల మీద ఒకటి సింహం, ఒకటి పులి. గోపురం మీద ప్రగతి దేవత. 2004లో యునెస్కో జాబితాకెక్కింది. దాని గొప్ప ఏమిటంటే ఇప్పటికీ స్టేషనుగానే ఉంది. లక్షలమంది రోజూ దాన్ని తలెత్తి చూడకుండానే వాడుకుంటున్నారు. 20వ శతాబ్దపు ఆరంభంలో వచ్చిన జనరల్ పోస్టాఫీసు, మ్యూజియం, గేట్‌వే మీద నాకు అంత మోజు లేదు. బీజాపూర్ గోపురాన్ని తెచ్చి పోస్టాఫీసు మీద పెట్టడంలో చాకచక్యం ఉంది, అవసరం లేదు.

ఆ తర్వాతి మలుపు మాత్రం రుచికరం. 1920ల్లో ప్రభుత్వమే బ్యాక్‌బేని మళ్ళీ పూడ్చింది. ఖర్చు పెరిగి అది పెద్ద కుంభకోణమైంది. కె.ఎఫ్. నరీమన్ అనే వకీలు దాన్ని బజారున పెట్టాడు. అలా వచ్చిన కొత్త నేల ఓవల్ మైదానానికి పడమటి అంచు, ఆ వెనక మెరైన్ డ్రైవ్. గోథిక్ భవనాల ముందు నుంచి సముద్రం దూరం జరిగింది. ఆ చోట 1930ల్లో కాంక్రీటు ఇళ్ళు లేచాయి. గుండ్రటి మూలలు, ఓడ కిటికీల్లాంటి కిటికీలు, కిటికీ మీద సన్నటి ఛజ్జా. ఆర్ట్ డెకో అంటారు. వీటిని గీసినవాళ్ళలో చాలామంది భారతీయులు, కట్టించుకున్నవాళ్ళు మధ్యతరగతి పైమెట్టు మీదకు వచ్చిన వ్యాపారులు, ఉద్యోగులు. సినిమా హాళ్ళూ ఇదే రకం. 1933లో వచ్చిన రీగల్ గీసింది చార్లెస్ స్టీవెన్స్, టెర్మినస్ కట్టిన స్టీవెన్స్ కొడుకు. తండ్రి రాతిలో చెక్కించిన ఊళ్ళో కొడుకు నున్నటి కాంక్రీటు పోశాడు. 1936లో మాస్టర్, సాఠే, భూతా అనే భారతీయ సంస్థ గీసిన న్యూ ఇండియా అష్యూరెన్స్ భవనం ముఖాన ఎన్.జి. పాన్సరే రైతుల్ని, నూలు వడికేవాళ్ళని నిలువెత్తున నిలబెట్టాడు. బీమా కంపెనీ గోడ మీద స్వదేశీ. నాకు ఎంతో ఇష్టమైన భవనం అది.

2018లో యునెస్కో ఓవల్ మైదానానికి రెండు వైపులా ఉన్న ఈ రెండు కాలాల్నీ కలిపి 94 భవనాలుగా గుర్తించింది. ఇందుకోసం ఏళ్ళ తరబడి తిరిగింది ఆ చుట్టుపక్కల కాపురం ఉంటున్నవాళ్ళ సంఘాలు. అంతకుముందే 1995లో బొంబాయి వారసత్వ కట్టడాలకు నిబంధనలు పెట్టుకుంది. దేశంలో అలాంటివి అవే మొదటివి. 1990ల చివర దాదాభాయి నౌరోజీ రోడ్డులో ఆభా నారాయణ్ లాంబా అనే ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో, షాపువాళ్ళని ఒప్పించి, కమానుల్ని కప్పేసిన అడ్డదిడ్డపు బోర్డులు దింపించి, కొలత ప్రకారం కొత్తవి పెట్టించారు. పెద్ద నిధులేమీ లేవు. ఓర్పుగా మాట్లాడారు, అంతే. బోర్డు దిగగానే ఆ వెనక నూరేళ్ళ కమాను బయటపడింది.

మరోవైపు వాట్సన్ హోటల్ ఉంది. కాలాఘోడా దగ్గర, విశ్వవిద్యాలయానికి నాలుగడుగుల దూరం. ఇనుప చట్రం ముక్కలుగా ఇంగ్లండులో పోతపోసి ఓడలో తెచ్చి 1860ల చివర ఇక్కడ బిగించారు. 1896 జులై 7న లూమియేర్ సోదరుల చలనచిత్రాలను ఈ దేశంలో మొదటిసారి చూపింది అక్కడే. ఇవాళ శిథిలం. నేరం ఒక్కరిది కాదు. 1947 అద్దె చట్టం అద్దెల్ని 1940 నాటి మట్టం దగ్గర ఆపేసింది. అద్దెకున్నవాళ్ళకు అది ప్రాణరక్షణే. యజమానికి మాత్రం నెలకి వచ్చేది పెచ్చు అతికించడానికి కూడా చాలలేదు. ఫోర్ట్‌లో ఎన్నో భవనాలు ఇలా నెమ్మదిగా కుంగాయి. రాత్రిపూట ముఖద్వారాల మీద రంగుల దీపాలు వేసి వారసత్వం కాపాడాం అనుకోవడం నాకు నచ్చదు. పైకప్పు పెంకు, వాననీటి గొట్టం, సున్నం పూత, ఈ మూడింటికీ డబ్బు పెట్టినవాడే కాపాడినవాడు. మాస్టారి మొదటి ప్రశ్న ఇదే కదా.

కమానుల కింద ఫుట్‌పాత్ వ్యాపారులు చేరారని బాధపడేవాళ్ళున్నారు. పాత పుస్తకాలు, ఫోన్ కవర్లు, బెల్టులు, వడాపావ్. నేను వాళ్ళ పక్షం. నడవడానికి దారి వదిలితే చాలు. బజారు కోసం పుట్టిన దారిలో బజారు ఉండకూడదంటే ఎలా?

చివరగా ఒక పని. యునెస్కో గీసిన గీతలో కామాటిపుర లేదు. అందులో ఉంచదగ్గ గోపురాలు అక్కడ లేవు కూడా. ఆ పేటను మొత్తంగా పడగొట్టి కొత్త టవర్లు కట్టే పథకం నడుస్తోంది. ఆ ఇళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, గోడలు పగిలాయి. అక్కడున్నవాళ్ళకు గట్టి ఇల్లు రావాలి, దానికి అడ్డుపడమని నేను చెప్పను. కానీ ఆ పేటలోనూ, అక్కడి నుంచి ఊరికి తిరిగొచ్చిన కుటుంబాల్లోనూ పాత కాగితాలు ఇంకా ఉండే అవకాశం ఉంది. కూలి పట్టీలు, రాయి కొన్న రసీదులు, కాంట్రాక్టు ఒప్పందాలు, సంఘాల మినిట్సు, మేస్త్రీల ఫోటోలు. తెలుగులోనో, పాత మరాఠీ రాత అయిన మోడీ లిపిలోనో ఉంటాయి, ఎవరికీ అక్కరలేదని అటకెక్కి ఉంటాయి. నిజామాబాద్, కరీంనగర్, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ సభకు వచ్చినవాళ్ళు ఎవరి తాతముత్తాతలైనా బొంబాయి పనికి పోయినవాళ్ళుంటే, అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దింపి చూడండి. దొరికినవి ఫోటో తీసి దగ్గర్లోని విశ్వవిద్యాలయం గ్రంథాలయానికో, జిల్లా గ్రంథాలయానికో ఇవ్వండి. ఏం దొరికినా నాకు కూడా ఒక మాట చెప్పండి. చదవడానికి మోడీ లిపి వచ్చినవాళ్ళను వెతికే పూచీ నాది.